నెలసరి బాధను తగ్గించు గర్భనిరోధక సాధనము: ఎవరికి ఏది తగును?

హౌరా నుండి చెన్నై వైపు పోవు రైలుమార్గములో ఖరగ్‌పూరు తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచ్చట జంక్షనును, పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడినవి. 1955లో ఈ మార్గము ఆగ్నేయ రైల్వేలో చేరినది. తరములు గడచినను ఇండ్లలో తెలుగు నిలిచియే యున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగుకు అధికార భాషాస్థానము నిచ్చుటకు అంగీకరించినది.

ఇట్టి పట్టణమున నివసించు తెలుగు స్త్రీ కుటుంబ నియంత్రణ విషయమున రెండు ఆచారముల నడుమ నున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆమె పుట్టింటి వైపున, అనగా ఆంధ్రప్రదేశ్‌లో, వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుకొన్నవారు. మాత్రలు వాడువారు నూటికి ఒకరైనను లేరు. ఆమె కాపురముండు పశ్చిమ బెంగాలులో నూటికి సుమారు 20 మంది మాత్రలు వాడుచున్నారు. ప్రక్క క్వార్టరులోని బెంగాలీ ఇల్లాలు రాత్రి భోజనమైన పిమ్మట మాత్ర వేసికొనును. ఊరినుండి వచ్చిన అత్తగారు, "ఇద్దరు పిల్లలు చాలు గదమ్మా, ఆపరేషను చేయించేసుకో" అనును. ఇరువురును మేలు కోరినవారే. కాని "నీకు బహిష్టు ఎట్లు వచ్చుచున్నది? ఎన్ని దినములు పోవుచున్నది? నొప్పి యున్నదా?" అని ఇరువురిలో నెవరును అడుగరు. సాధనమును ఎన్నుకొనుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే. ఏలయనగా కొన్ని సాధనములు రక్తస్రావమును తగ్గించును, కొన్ని హెచ్చించును, కొన్ని దాని క్రమమును మార్చును.

ఎంత రక్తస్రావము సహజము, ఎంత అధికము అనునది చాలమందికి తెలియదు. తల్లికిని అక్కకును అట్లే జరిగినచో అదియే సహజమని తలంతురు. సామాన్యముగా ఒక బహిష్టులో పోవు రక్తము 30 లేక 40 మిల్లీలీటర్లు, అనగా రెండు మూడు పెద్ద చెంచాలు మాత్రమే. 80 మిల్లీలీటర్లకు మించినచో వైద్యులు దానిని అధిక రక్తస్రావమందురు. అది స్టేషనులో టీ పోసి ఇచ్చు చిన్న మట్టి ముంతెడు. ఇంటిలో ఎవరును కొలిచి చూడరు గనుక ఈ గుర్తులు చాలును: గంటకో రెండు గంటలకో గుడ్డ గాని ప్యాడు గాని పూర్తిగా తడిసి మార్చవలసి వచ్చుట, రాత్రి నిద్రలో లేవవలసి వచ్చుట, రూపాయి బిళ్ల కంటె పెద్ద గడ్డలు పడుట, 7 దినములు దాటినను ఆగకుండుట. కొలతలన్నిటికంటె ముఖ్యమైన గుర్తు మరియొకటి కలదు. బహిష్టు కారణముగా బడికి గాని పనికి గాని పోలేక, నీళ్లకు లేవలేక పడకలో నుండవలసి వచ్చినచో అది చికిత్స చేయదగిన బాధ. "ఆడుదాని బ్రతుకింతే" అని సరిపెట్టుకొనుట అనవసరము.

నెలనెలా ఇట్లు రక్తము పోయిన స్త్రీకి రక్తహీనత కలుగును. గర్భిణి కాని స్త్రీకి రక్తములో హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తగ్గినచో అది రక్తహీనతయే. పైన చెప్పిన సర్వే ప్రకారము దేశమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికిని, పశ్చిమ బెంగాలులో 71 మందికిని రక్తహీనత కలదు. అందుకు ఆహారలోపము, నులిపురుగులు మొదలగు కారణములు పెక్కు గలవు. అధిక రక్తస్రావము వానిలో నొకటి. మెట్లెక్కునపుడు ఆయాసము, గుండెదడ, ఎప్పుడును నీరసము ఉన్న స్త్రీ రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇనుపధాతువు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును. అయితే కారుచున్న కుండలో నీరు పోసిన చందమున, రక్తము పోవుటను ఆపక మాత్రలు మ్రింగుటవలన ఫలము స్వల్పము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. అధిక రక్తస్రావమునకు కారణమేమో తెలియక హార్మోను సాధనమును మొదలుపెట్టరాదు. గర్భాశయములో కంతులు, థైరాయిడ్ దోషము, రక్తము గడ్డకట్టుటలో లోపము, కొన్ని సమయములందు గర్భమే కారణము కావచ్చును. రెండు బహిష్టుల నడుమ రక్తము కనబడుట, సంభోగానంతరము రక్తము కనబడుట, 45 ఏండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా స్రావము హెచ్చుట, ముట్లుడిగిన తరువాత తిరిగి రక్తము కనబడుట: ఇవి క్యాన్సరునకు సైతము గుర్తులు కావచ్చును గనుక ఆలస్యము చేయక డాక్టరుచేత పరీక్ష చేయించుకొనవలెను. రైల్వే ఉద్యోగుల కుటుంబములకు రైల్వే ఆసుపత్రియు, ఇతరులకు మహకుమా ఆసుపత్రియు ఖరగ్‌పూరులోనే కలవు. బెంగాలీ నర్సుతో మాటలాడుటకు బిడియపడనక్కరలేదు. "మాసిక్" అన్నచో బహిష్టని ఆమెకు తెలియును; మాత్రను వారు "బొడి" అందురు.

పిల్లలు పుట్టకుండ చేయు మందు బహిష్టు బాధను ఎట్లు తగ్గించునని కొందరు సందేహింతురు. నిజమునకు ఈ మందు చరిత్రలో రెండవదే ముందు వచ్చినది. అమెరికాలో మొట్టమొదటి గర్భనిరోధక మాత్రకు 1957లో లభించిన అనుమతి ఋతుసంబంధమైన రుగ్మతల చికిత్సకే. గర్భనిరోధమునకు అనుమతి 1960లో గాని రాలేదు. దాని పనితీరు ఇట్టిది. ప్రతినెలయు అండాశయమునుండి వెలువడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనులు గర్భాశయపు లోపొరను మందముగా పెంచును. గర్భము రానిచో ఆ పొర విడిపోయి రక్తముతో కూడ వెలువడును, అదియే బహిష్టు. మాత్రలోని హార్మోను అండము విడుదల కాకుండ చేయును, ఆ పొరను మందము కానీయదు. పొర పలుచనైనపుడు విడిపోవునది తక్కువ, రక్తము తక్కువ, గర్భాశయము మెలిపెట్టి చేయు నొప్పియు తక్కువ.

ఇక సాధనములను గూర్చి. ప్రభుత్వము ఉచితముగా నిచ్చు మాత్ర పేరు మాలా-ఎన్. ఇందు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ జాతి హార్మోనులు రెండును కలసియున్నవి. ఒక్కొక్క అట్టలో 28 మాత్రలుండును. అందు 21 తెల్లని మాత్రలలో హార్మోనులుండును. 7 గోధుమరంగు మాత్రలలో ఇనుపధాతువు మాత్రమే యుండును. బహిష్టు మొదలైన 5 దినములలోపల మొదటి తెల్లమాత్రను వేసికొని, దినమున కొక్కటి చొప్పున ఒకే వేళకు వేసికొనవలెను. గోధుమరంగు మాత్రలు వేసికొను దినములలో స్వల్పముగా రక్తస్రావమగును. సక్రమముగా వాడు స్త్రీలకు స్రావము సుమారు సగమునకు తగ్గును, నొప్పియు తగ్గును, ఏ దినమున వచ్చునో ముందుగానే తెలియును. రైలు ప్రయాణములు, పెండ్లిండ్లు, పరీక్షలు గల ఇండ్లలో ఈ చివరి సౌకర్యము చిన్నది కాదు.

బహిష్టు నొప్పి మిక్కిలి తీవ్రముగా నున్నవారికి, లేదా ఆ దినములలో తలనొప్పి వచ్చువారికి, గోధుమరంగు మాత్రలను విడచి వెంటనే క్రొత్త అట్టలోని తెల్లమాత్రలు మొదలుపెట్టుమని డాక్టరు చెప్పవచ్చును. అట్లు చేసినచో రెండు మూడు నెలలకొకసారి మాత్రమే స్రావము వచ్చును. దీనివలన "చెడు రక్తము లోపల నిలిచిపోవును" అను భయము ఆధారము లేనిది. లోపల పొర పెరుగనే లేదు గనుక నిలిచిపోవుటకు ఏమియు లేదు. మాత్రలు వాడునపుడు వచ్చు స్రావము హార్మోను ఆపుటవలన కలుగునదే. ఆరోగ్యమునకు అది నెలనెలా రావలెనను నియమము లేదు.

మొదటి రెండు మూడు నెలలలో నడుమ నడుమ మరకలు కనబడుట, వికారము, రొమ్ములు బరువెక్కుట కలుగవచ్చును. రాత్రి భోజనమైన తరువాత మాత్ర వేసికొన్నచో వికారము తక్కువగా నుండును. ఎక్కువమంది స్త్రీలు ఈ మొదటి నెలలలోనే విసిగి మానివేయుదురు. కనీసము మూడు అట్టలు పూర్తిచేసి, అప్పటికిని తగ్గనిచో వేరొక మాత్రను గాని వేరొక సాధనమును గాని అడుగుట మంచిది. ఒక దినము మరచినచో జ్ఞాపకము వచ్చిన వెంటనే ఆ మాత్రను, వేళకు నాటి మాత్రను వేసికొనవలెను. రెండు లేక అంతకు మించి మరచినచో వెంటనే ఒకటి వేసికొని, దినమున కొకటి చొప్పున కొనసాగించుచు 7 దినములు నిరోధ్ వాడవలెను; ఆ మరపు మూడవ వారములో జరిగినచో గోధుమరంగు మాత్రలను విడచి క్రొత్త అట్టను మొదలుపెట్టవలెను. ఒక సంవత్సరకాలములో, మరపులతో కూడిన సామాన్య వాడుకలో, మాత్రలు వాడు నూరుగురిలో సుమారు 7 గురికి గర్భము వచ్చును. ఏ మరపును లేకుండ వాడినచో ఒకరికైనను రాదనవచ్చును. భర్తకు రాత్రి డ్యూటీలు మారుచుండు ఇండ్లలో వంటయు నిద్రయు వేళ తప్పును. అట్టివారు మాత్రను అన్నముతో గాక, ప్రతిదినము తప్పక చేయు మరియొక పనితో ముడిపెట్టుకొనుట మేలు.

ఈ మాత్ర అందరికిని తగదు. దీనిలోని ఈస్ట్రోజెన్ రక్తనాళములలో గడ్డలు కట్టు స్వభావమును కొంత పెంచును. మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో సంవత్సరమునకు సుమారు ఇద్దరికి అట్టి గడ్డలు ఏర్పడునట్లయితే, ఇట్టి మాత్రలు వాడువారిలో 5 గురు లేక 7 గురికి ఏర్పడును. గర్భధారణలో ఆ ప్రమాదము ఇంకను హెచ్చు. కనుక ఆరోగ్యవంతురాలు భయపడనక్కరలేదు. కాని రక్తపు పోటు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నవారు, పూర్వము కాలిలోనో ఊపిరితిత్తులలోనో రక్తపుగడ్డ ఏర్పడినవారు, గుండెజబ్బు, పక్షవాతము వచ్చినవారు, రొమ్ము క్యాన్సరు గలవారు, కాలేయవ్యాధి తీవ్రముగా నున్నవారు, తలనొప్పికి ముందు కండ్లయెదుట మెరుపులు, వంకర గీతలు కనబడువారు దీనిని వాడరాదు. బిడ్డ పుట్టి 6 నెలలు నిండని పాలిచ్చు తల్లులును వాడరాదు.

పొగాకును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 35 ఏండ్లు దాటి పొగత్రాగు స్త్రీకి ఈ మాత్ర ప్రమాదకరము. ఆడువారు పొగత్రాగుదురా యని పట్టణవాసులు నవ్వవచ్చును. శ్రీకాకుళము, విశాఖ తీరములందు చుట్టను వెలిగించి నిప్పువైపు నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ పెద్ద ఆడువారిలో తరతరములుగా నున్న అలవాటే. అచ్చటినుండి వచ్చిన కుటుంబములలో ఇది యుండవచ్చును. డాక్టరు అడుగకపోయినను తానై చెప్పవలెను. సిగ్గుపడి దాచిన ఈ మాట పక్షవాతమునకు దారితీయవచ్చును. అట్లే క్షయకు రిఫాంపిసిన్ వాడువారికిని, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ వాడువారికిని మాత్ర యొక్క బలము తగ్గి గర్భము రావచ్చును. మాత్రలు వాడుచుండగా ఒక కాలు వాచి పిక్కలో తీవ్రమైన నొప్పి, ఛాతీనొప్పి, ఆయాసము, చూపు మసకబారి భరింపరాని తలనొప్పి, పచ్చకామెర్లు కనబడినచో మాత్ర ఆపి ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

మాత్ర తగనివారికి గాని, ప్రతిదినము గుర్తుంచుకొనజాలని వారికి గాని అంతర అను ఇంజెక్షను కలదు. 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమములో దీనిని ఉచితముగా నిచ్చుచున్నారు. ఇందు ప్రొజెస్టిరోన్ జాతి హార్మోను ఒక్కటే యున్నది, ఈస్ట్రోజెన్ లేదు. మూడు నెలల కొకసారి వేయించుకొనవలెను. పాలిచ్చు తల్లి ప్రసవమైన 6 వారముల పిమ్మట వేయించుకొనవచ్చును. క్షయ మందులు దీని బలమును తగ్గింపవు. సికిల్ సెల్ వ్యాధి గలవారికిని ఇది అనుకూలము.

అంతర విషయమున నిజమును ముందుగా చెప్పుట న్యాయము. మొదటి మూడు నుండి ఆరు నెలలు బహిష్టు క్రమము తప్పును; ఒకనెల పది దినములు మరకలు పడవచ్చును, ఒకనెల ఏమియు రాకపోవచ్చును. సంవత్సరము వాడిన పిమ్మట సుమారు సగముమందికి బహిష్టు పూర్తిగా ఆగిపోవును. అధిక రక్తస్రావముతో కృశించిన స్త్రీకి ఇది వరమే. ఈ సంగతి తెలియక వేయించుకొన్న స్త్రీకి మాత్రము దినదినము భయమే: గర్భమేమో, లోపల రక్తము చేరినదేమో యని. మొదటి ఇంజెక్షను తరువాత మరల రాక మానివేయువారిలో పెక్కుమంది ఇట్లు ముందుగా చెప్పబడనివారే యని నా అభిప్రాయము. ఇంజెక్షను మాని బిడ్డను కనవలెనన్నచో చివరి సూదినుండి 7 మొదలు 10 నెలలు పట్టవచ్చును. కనుక త్వరలో బిడ్డ కావలెననువారు దీనిని కోరరాదు. కొందరికి బరువు పెరుగును. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానిన పిమ్మట తిరిగి కోలుకొనును. కారణము తెలియని రక్తస్రావము ఉన్నప్పుడును, రక్తపు పోటు 160/100కు చేరినప్పుడును ఇది వేయరాదు.

ఛాయ అను మాత్ర హార్మోను కాదు గాని దానిని గూర్చియు అడుగువారు పెక్కురు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో డాక్టర్ నిత్యానంద్ బృందము కనిపెట్టిన ఈ మందు 1991లో సహేలి పేరుతో బజారులోనికి వచ్చి, 2016లో ప్రభుత్వ కార్యక్రమమున ఛాయగా చేరినది. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, పిమ్మట వారమునకు ఒకటి. వికారము లేదు, పాలిచ్చు తల్లికి మంచిది. కొందరికి స్రావము తగ్గి, బహిష్టు ఆలస్యముగా వచ్చును. 15 దినములకు మించి ఆలస్యమైనచో గర్భపరీక్ష చేయించుకొనవలెను. ఇదే మందును వేరు మోతాదులో అధిక రక్తస్రావమునకును డాక్టర్లు వాడుదురు. ఇటీవల పచ్చకామెర్లు వచ్చినవారికిని, అండాశయములలో నీటితిత్తుల వ్యాధి గలవారికిని తగదు.

లూప్ అను మాట వినగానే ఖరగ్‌పూరులోని ముదుసలి స్త్రీలు నేటికిని మొగము చిట్లింతురు. 1965లో దేశమంతటను లిప్పీస్ లూప్ వేయు ఉద్యమము నడచినది. వేసినవారు రక్తస్రావమును గూర్చి ముందుగా చెప్పకపోవుటచే పెక్కుమంది బెదరి తీయించుకొనిరి. ఆ భయము తల్లులనుండి కూతుళ్లకు సంక్రమించినది. నేటి కాపర్-టి దానికంటె చాల మెరుగైనది, 5 లేక 10 సంవత్సరములు పనిచేయును. అయినను ఒక మాట నిజము: రాగి గల సాధనము మొదటి నెలలలో రక్తస్రావమును, నొప్పిని హెచ్చింపవచ్చును. ఇంతకు పూర్వమే బహిష్టుతో బాధపడు స్త్రీకి అది తగిన ఎంపిక కాదు.

హార్మోను లూప్ దీనికి పూర్తిగా వ్యతిరేకము. చూచుటకు కాపర్-టి వలెనే యుండును గాని, రాగికి బదులు 52 మిల్లీగ్రాముల లీవోనార్‌జెస్ట్రెల్ అను హార్మోను దానిలో నిండియుండి గర్భాశయములోనికి మాత్రమే కొద్దికొద్దిగా వెలువడును. మొదటి కొన్ని నెలలు మరకలు పడును. ఓపిక పట్టినచో సంవత్సరము నాటికి రక్తస్రావము పదింట ఒకవంతునకు తగ్గినవారు పెక్కురు. అధిక రక్తస్రావమునకు శస్త్రచికిత్స లేని చికిత్సలలో దీనికి ప్రథమస్థానము కలదు. 5 సంవత్సరములు పనిచేయును. గర్భనిరోధమునకు 8 సంవత్సరముల వరకు పనిచేయునని ఇటీవలి పరిశీలనలవలన తేలినది. ఈస్ట్రోజెన్ లేనందున రక్తపు పోటు గలవారికిని ఇది వీలగును. లోపమొక్కటే: ప్రభుత్వపు ఉచిత సరఫరాలో సామాన్యముగా లభింపదు, బజారున కొన్ని వేల రూపాయల వెల. చేతి చర్మము క్రింద ఉంచు ఇంప్లాంటును 2023 నుండి కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వము ప్రవేశపెట్టుచున్నది. 3 సంవత్సరములు పనిచేయును, బహిష్టు క్రమము మాత్రము ఎట్లు మారునో ముందుగా చెప్పుట కష్టము.

ఇప్పుడు ఆంధ్రదేశపు ఆడువారికి మిక్కిలి ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. 2015-16 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి సుమారు 3 గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది. ఐదేండ్ల పిమ్మటి సర్వేలోను ఈ తేడా అట్లే నిలిచినది. వారిలో పెక్కుమంది చెప్పిన కారణము అధిక రక్తస్రావము. నలుబది ఏండ్లైన నిండని స్త్రీ, "పిల్లలైరి గదా, ఇక సంచి ఎందుకు?" అను మాట విని, ఒక్క మాత్రయైన వాడి చూడకయే శస్త్రచికిత్సకు ఒప్పుకొనుచున్నది. ఖరగ్‌పూరునుండి సెలవులకు ఊరికి పోయి, అచ్చటనే బంధువుల సలహాతో ఈ పని ముగించుకొని వచ్చుటయు అసంభవము కాదు.

దీనికి మూలమున ఒక పొరపాటు కలదు. పిల్లలు పుట్టకుండ ఆపరేషను అయిన స్త్రీకి "గర్భనిరోధక మాత్రలతో నాకేమి పని?" అని తోచును. ఆమెకు గర్భనిరోధముతో పనిలేదు, నిజమే. ఆ మాత్రయు, ఆ హార్మోను లూపును ఆమెకు రక్తస్రావపు మందుగా పనికివచ్చును. ట్యూబెక్టమీలో కత్తిరించునది అండవాహికలనే; గర్భాశయపు పొర మునుపటివలెనే పెరుగును, మునుపటివలెనే స్రవించును. కనుక ఆపరేషనుకు ముందు మాత్రలు వాడి, స్రావము తక్కువగా నుండుటకు అలవాటుపడిన స్త్రీ, ఆపరేషను తరువాత స్రావము హెచ్చినదని ఆపరేషనును నిందించును. హెచ్చినది ఆపరేషనువలన కాదు, మాత్ర మానుటవలన. హార్మోను వద్దనువారికి బహిష్టు దినములలో మాత్రమే వాడు ట్రానెక్సామిక్ ఆమ్లము, మెఫెనమిక్ ఆమ్లము అను మందులును కలవు. వీనిని డాక్టరు సలహాతో వాడవలెను. పెండ్లికాని ఆడపిల్లల బహిష్టు నొప్పికి సైతము ఇవియు, అవసరమైనచో హార్మోను మాత్రలును డాక్టర్లు ఇత్తురు. అందువలన ముందుముందు పిల్లలు పుట్టరనుట అపోహ.

గర్భాశయమును తీయుట కొందరికి నిజముగా అవసరమే: క్యాన్సరు, పెద్ద కంతులు, ఏ మందులకును లొంగని రక్తస్రావము. కాని అది పెద్ద శస్త్రచికిత్స. దానితో అండాశయములను కూడ తీసివేసినచో చిన్నవయస్సుననే ముట్లుడిగిన లక్షణములు కలుగును. ఎముకలు బలహీనపడును, గుండెజబ్బు భయము పెరుగును. అండాశయములను ఉంచినను అవి కొందరికి ముందుగానే పనిచేయుట మానును. అనవసరపు గర్భాశయ శస్త్రచికిత్సలను నివారించుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములను ప్రకటించినది. వానిని అమలుపరుపవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రములను ఆదేశించినది. కనుక "మందులతో ప్రయత్నింపవచ్చునా? అండాశయములను ఉంచెదరా? మరియొక డాక్టరుకు చూపుకొనవచ్చునా?" అని అడుగుట రోగి హక్కు. అట్లు అడిగినంతనే విసుగుకొను వైద్యుని కత్తికి తొందరపడి లోబడనక్కరలేదు.

ఎంపిక యెట్లు జరుగునో ఒక ఊహించిన ఉదాహరణమువలన తెలియును. ఇరువదియెనిమిదేండ్ల ఇల్లాలు, చిన్నబిడ్డకు నాలుగు నెలలు, పాలిచ్చుచున్నది, ప్రసవమునకు ముందు బహిష్టు విపరీతముగా నుండెడిది. ఆమె పొరుగింటి వదినతో, "వదినా, మీరు వేసుకొను మాత్ర నాకును ఇప్పించరూ?" అనును. వదినకు తగినది ఈమెకు తగదు, బిడ్డకు 6 నెలలు నిండలేదు గనుక. ఛాయ గాని అంతర గాని ఇప్పుడే మొదలుపెట్టవచ్చును. రెండేండ్లలో మరల బిడ్డ కావలెనన్నచో ఛాయ మేలు. కాపర్-టి సురక్షితమే యైనను ఈమె పూర్వపు బాధను పెంచవచ్చును. అదే ఇంటిలోని నలుబదిమూడేండ్ల ఆడపడుచు సంగతి వేరు: ఆపరేషను పదునైదేండ్ల క్రిందటనే అయినది, రక్తపు పోటు కలదు, నెలకు పది దినములు స్రావము. ఆమెకు మాలా-ఎన్ కూడదు. ముందు స్కానింగు, రక్తపరీక్ష, అవసరమైనచో గర్భాశయపు పొర పరీక్ష. అన్నియు సరిగానున్నచో హార్మోను లూప్. అది కొనలేనిచో ప్రొజెస్టిరోన్ మాత్రలకు గాని, స్రావపు దినములలో వాడు మందులకు గాని డాక్టరు నడుగవలెను.

ఆశా కార్యకర్త వద్దకు గాని డాక్టరు వద్దకు గాని పోవునపుడు మూడు నెలల లెక్క వ్రాసికొని పోవుట మంచిది. స్రావము మొదలైన తేదీ, ఆగిన తేదీ, దినమునకు మార్చిన గుడ్డల సంఖ్య, నొప్పితో పని మానిన దినములు: క్యాలెండరుపై గుర్తులు పెట్టినను చాలును. వాడుచున్న ఇతర మందుల చీటీలు, రక్తపు పోటు లెక్క కూడ తీసికొని పోవలెను. ఏ సాధనమైనను మొదలుపెట్టిన పిమ్మట ఈ లెక్కను మరి మూడు నెలలు కొనసాగించినచో, బాధ తగ్గినదో లేదో ఊహతో గాక అంకెలతో చెప్పవచ్చును. ఈ సాధనములలో ఏదియు సుఖవ్యాధులనుండి కాపాడదు. ఆ భయమున్నచోట నిరోధ్ కూడ వాడవలెను.

వేసవి సెలవులకు పలాసకో ఆమదాలవలసకో పోవువారు ప్రయాణ దినములకు సరిపడు మాత్రల అట్టలను, మరియొక అట్ట అదనముగా, పెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకొనవలెను. అంతర వేయించుకొన్నవారికి తరువాతి తేదీ వ్రాసిన కార్డు ఇత్తురు. ఆ తేదీకి రెండు వారములు ముందుగా గాని, నాలుగు వారములు ఆలస్యముగా గాని వేయించుకొనవచ్చును. కనుక తేదీ సెలవులలో పడినచో ఖరగ్‌పూరులో ముందుగానే వేయించుకొని బయలుదేరవచ్చును, లేదా ఆ కార్డును ఊరిలోని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున చూపి అంతర కలదేమో అడుగవచ్చును.